ఆట మానేసి సేవకు రావాలా, ఆటలో ఉండే సేవ చేయాలా?

వందనాలు తమ్ముడూ.

నువ్వు అడిగింది చదివేవాళ్లందరికీ తెలియాలని ముందు రెండు ముక్కల్లో చెబుతాను. నువ్వు 400 మీటర్లు పరుగెత్తుతావు. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి పరిచర్య మీద భారం ఉంది. ఆటలు లోకసంబంధమైనవి, మానేసి బైబిల్ కాలేజీలో చేరు అని సంఘ పెద్దలు కొందరు అంటున్నారు. నీ కోచ్ కూడా విశ్వాసే, కానీ ఆయన మాట వేరు: ముందు పతకం కొట్టు, అప్పుడు నీ సాక్ష్యం నలుగురూ వింటారు అంటున్నారు. మధ్యలో ఆదివారం పోటీల గొడవ ఒకటి. ఎవరి మాట వినాలో తెలియక నలిగిపోతున్నానని రాశావు.

నేనైతే రెండు మాటలూ ఒప్పుకోను. ఆట మానేయొద్దు. పతకం కోసం ఆగొద్దు కూడా. రోజూ నీతో పాటు ట్రాక్ మీద చెమటోడ్చే ఆ కొద్దిమందే ఇవాళ నీకు దేవుడిచ్చిన సంఘం అనుకో. నేను వాలీబాల్ ఆడాను, తర్వాత చాలా కాలం కోచింగ్ చేశాను, ఇప్పుడు ఆటగాళ్ల మధ్య చాప్లిన్‌గా, అంటే జట్టు వెంట ఉండే పాస్టరులా, పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఆటగాళ్లు ప్రభువు దగ్గరికి రావడం చూశాను, ప్రభువును వదిలి వెళ్లిపోవడమూ చూశాను. స్టేజీ మీద పతకం పట్టుకుని చెప్పిన సాక్ష్యం విని వచ్చినవాళ్లు తక్కువ. మోకాలు దెబ్బతిని మంచం మీద పడి ఉన్నప్పుడు రోజూ వచ్చి పక్కన కూర్చున్న తోటి ఆటగాణ్ణి చూసి వచ్చినవాళ్లు ఎక్కువ.

పెద్దల మాట ముందు తీసుకుందాం. వాళ్లు నీకు చూపించిన వాక్యం 1 తిమోతి 4:8 అని రాశావు. "శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమవును." పౌలు 'కొంచెము' అన్నాడు, బొత్తిగా లేదనలేదు. దైవభక్తి ముందు అది ఎంత చిన్నదో చెప్పడానికి అన్న మాట అది, సాధనను నిషేధించడానికి కాదు. అదే పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ ఊరి పక్కనే ఇస్త్మియా దగ్గర రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడి తలకు ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవాళ్లు. నాలుగు రోజులకే వాడిపోయే కిరీటం. అందుకే ఆ ఊరి సంఘానికి రాసిన మొదటి ఉత్తరం తొమ్మిదో అధ్యాయంలో "క్షయమగు కిరీటము" అన్నప్పుడు ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. పందెపు రంగంలో పరుగెత్తేవాణ్ణి, గాలిని కొట్టకుండా గురి చూసి గుద్దే ముష్టియుద్ధం చేసేవాణ్ణి తనకు పోలికగా తెచ్చుకున్నాడు. ఆట అపవిత్రమని ఆయన అనుకుని ఉంటే తన పరిచర్యను దానితో పోల్చుకునేవాడా?

అయితే ఆ అధ్యాయం చివరి మాట కూడా చదువు. ఇతరులకు ప్రకటించిన తర్వాత నేనే భ్రష్టుడనై పోతానేమో అన్న భయంతో శరీరాన్ని నలగగొట్టి లోపరచుకుంటున్నానన్నాడు. ఆటగాడైన సేవకుడు రోజూ చదువుకోవాల్సిన వచనం అది. మన పెద్దల భయంలో నిజం లేకపోలేదు. సీజన్ మొదలైతే నెలల తరబడి సంఘ సహవాసం తప్పిపోతుంది. హాస్టల్ జీవితం, పొగడ్తలు, స్పాన్సర్ డబ్బు, గెలవడానికి అడ్డదారి చూపించేవాళ్లు, అన్నీ ఒకేసారి వస్తాయి. వాళ్లు లోకసంబంధం అంటున్నది వీటినే అయితే ఆ మాట వినాలి. పరుగునే అంటున్నారంటే మాత్రం వాక్యం వాళ్ల పక్షాన లేదు.

క్రైస్తవ చరిత్రా వాళ్ల పక్షాన లేదు. నేను ఆడిన వాలీబాల్ పుట్టిందే వైఎంసీఏలో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో. 1895లో అమెరికాలోని హోల్యోక్ వైఎంసీఏలో విలియం మోర్గన్ దాన్ని తయారుచేశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1891 డిసెంబరులో, దగ్గర్లోనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే బడిలో జేమ్స్ నెయిస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. ఆయన వేదాంతం చదువుకున్న మనిషి. సంఘ పరిచర్యలోకి వెళ్లాల్సినవాడు ఆటల వైపు వచ్చాడని అప్పట్లో ఆయన్నీ తప్పుబట్టినవాళ్లు ఉన్నారు. మనుషుల మీద మంచి ప్రభావం చూపడానికి ప్రసంగ వేదిక ఒక్కటే దారి కాదని ఆయన నమ్మాడు.

ఆయన ఆ ఆటను ఎలా కట్టాడో చూడు, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. చలికాలంలో జిమ్ములో కుర్రాళ్లు ఫుట్‌బాల్ మోటుగా ఆడి దెబ్బలు తగిలించుకుంటున్నారు. జనం ఎందుకు మీద పడతారు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపడానికి. కాబట్టి బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నాడు. బలంకొద్దీ గురి చూసి ఎందుకు విసురుతారు? గోల్ నేల మీద ఎదురుగా ఉంటుంది కాబట్టి. అందుకని గోల్‌ను తలల పైకి ఎత్తాడు. అక్కడికి బంతి చేరాలంటే బలం పనికిరాదు, మెల్లగా వంపు తిప్పి వేయాలి. పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టించి, 13 నిబంధనలు రాసి గోడకు అంటించాడు. భుజంతో నెట్టకూడదు, పట్టుకోకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు అన్నది అందులో ఒక నిబంధన. పొరుగువాడి ఒంటిని గౌరవించడం ఆట లోపలికే ఎక్కించాడు. ప్రసంగం లేకుండా ఆ ఆటతో ఆయన చేసిన పరిచర్య ఇంకా నడుస్తోంది. తర్వాత 1916లో ఆయన పాస్టరుగా అభిషేకం కూడా పొందాడు, అది వేరే సంగతి.

మరి ఆట మానేసి వెళ్లినవాళ్లు లేరా అంటావు. ఉన్నారు. సి.టి. స్టడ్ పేరు నీ పాస్టరుగారు చెప్పే ఉంటారు. ఇంగ్లండ్ తరఫున 1882లో ఓవల్ టెస్టు ఆడినవాడు, యాషెస్ పేరు పుట్టిన మ్యాచ్ అది. పేరు మారుమోగుతున్న రోజుల్లో అన్న జార్జ్ చావుబతుకుల్లో పడితే పక్కన కూర్చుని ఈ కీర్తి అంతా దేనికి పనికొస్తుందని తనను తాను అడుగుకున్నాడు. 1885లో కేంబ్రిడ్జికి చెందిన ఏడుగురు కలిసి మిషనరీలుగా చైనాకు బయలుదేరితే అందులో ఇతను ఒకడు. తండ్రి ఆస్తిలో తన వాటా పంచిపెట్టేశాడు. తర్వాత ఊటీలో కొన్నేళ్లు పాస్టరుగా ఉన్నాడు, చివరికి కాంగోలో 1931లో కన్నుమూశాడు.

అందరూ ఇక్కడే ఆపేస్తారు. నువ్వు మాత్రం ఆయన అన్నదమ్ముల గురించి కూడా తెలుసుకోవాలి. 1882, 83, 84 వరుసగా మూడేళ్లు కేంబ్రిడ్జి క్రికెట్ కెప్టెన్లు ఈ ముగ్గురు అన్నదమ్ములే: జార్జ్, చార్లెస్ (సి.టి. స్టడ్ ఇతనే), కైనాస్టన్. ముగ్గురూ ఒకే ఇంట్లో, ఒకే ప్రభువును నమ్ముకున్నవాళ్లు. చార్లెస్ చైనా వెళ్లాడు. జార్జ్ లాస్ ఏంజిలెస్‌లో బీదల మధ్య సేవ చేశాడు. కైనాస్టన్ లండన్‌లోనే ఉండి పనిచేసుకునే యువకుల చదువు చూసే పాలిటెక్నిక్‌కు జీవితం ఇచ్చాడు, ఆ నగరానికి మేయరు కూడా అయ్యాడు. ఇంట్లో ఉండిపోయినవాడి పరిచర్య చిన్నదనుకునేవు. కైనాస్టన్ 1885-86లో అమెరికా కాలేజీల్లో తిరుగుతూ మాట్లాడుతుంటే, కోర్నెల్‌లో ఒక విద్యార్థి ఆలస్యంగా హాల్లోకి వచ్చి, నీ కోసం గొప్పవాటిని వెదకుతున్నావా, వెదకవద్దు అన్న యిర్మీయా మాట విని కదిలిపోయాడు. ఆ విద్యార్థి జాన్ మాట్. తర్వాత ప్రపంచ వైఎంసీఏ నాయకుడై, 1946లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. ఒకే ఆట, ఒకే ఇల్లు, ముగ్గురికీ మూడు పిలుపులు. చార్లెస్ కథ ఒక్కటే చెప్పి నీ చేత ఆట మానిపించాలని చూస్తే మిగతా ఇద్దరి కథా అడుగు. చార్లెస్ చివరి ఏళ్లలో భార్యకు దూరంగా బతికాడు, తోటి మిషనరీలతో తీవ్రమైన విభేదాలు వచ్చాయి. ఆయన త్యాగం నాకు ప్రాణం. అయినా ప్రతి కుర్రాడికీ అదే కొలత పెట్టడం సరికాదు.

ఇక మీ కోచ్ మాట. "ముందు పతకం, తర్వాత సాక్ష్యం." నువ్వు 400 పరుగెత్తుతావు కాబట్టి స్కాట్లండ్ రన్నర్ ఎరిక్ లిడెల్‌ను ఆయన నీకు ఉదాహరణగా చూపించి ఉంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పెట్టారని పరుగెత్తనన్నాడు. తర్వాత 400లో బయటి లేన్ నుంచి పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. 200లో కాంస్యం. ఇదంతా నిజం. కానీ వరుస చూడు. అతను మొదటిసారి సువార్త సభలో మాట్లాడింది 1923 ఏప్రిల్‌లో, ఆర్మడేల్ అనే చిన్న గని ఊళ్లో. అప్పటికి ఒలింపిక్స్ ఇంకా ఏడాదికి పైగా ఉంది. సిగ్గరి, మాట నెమ్మది, వక్త కాదు. తనకు దేవుడు ఎవరో, రోజూ ఎలా తోడుంటాడో చెప్పి కూర్చున్నాడు. సాక్ష్యం ముందు వచ్చింది, పతకం తర్వాత వచ్చింది. పతకం వచ్చిన మరుసటి ఏడాదే, పరుగులో మంచి వయసు మీద ఉండగా, చైనాలోని తియెన్‌త్సిన్‌కు వెళ్లి బడిలో సైన్సు చెబుతూ, ఆటలు ఆడిస్తూ స్థిరపడ్డాడు.

నన్ను అడిగితే లిడెల్ పరిచర్య పారిస్‌లో కాదు, వేషియెన్‌లో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం చైనాలో విదేశీయుల్ని బంధించిన శిబిరం అది. 1943లో అతన్ని అక్కడికి పంపారు. గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు కూతుళ్లను అంతకు ముందే కెనడా పంపేశాడు. మూడో కూతుర్ని కళ్లారా చూడనే లేదు. శిబిరంలో తల్లిదండ్రులకు దూరమైన మిషనరీ బడి పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు పాఠాలు చెప్పాడు, పోటీలు పెట్టాడు, ముసలివాళ్ల బరువులు మోశాడు. పిల్లలు 'అంకుల్ ఎరిక్' అని పిలిచేవాళ్లు. ఒలింపిక్ విజేత అన్న సంగతి అక్కడ ఎవరి ఆకలీ తీర్చదు. వాళ్లకు కావలసింది తమతో ఉండే మనిషి. స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రాడికి చెప్పులు లేవని, దారాలతో కట్టి బాగుచేసిన తన పరుగు బూట్లు ఇచ్చేశాడు. మనల్ని బంధించిన జపానీయుల కోసం ప్రార్థన చేయమని అతనికి నేర్పాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో లిడెల్ ఆ శిబిరంలోనే చనిపోయాడు. ఆ కుర్రాడు పెద్దయ్యాక మిషనరీగా వెళ్లింది జపాన్‌కే. మీ కోచ్‌గారికి ఈ భాగం కూడా చెప్పు.

ఆదివారం సంగతికి కూడా అక్కడి నుంచే వస్తాను, ఎందుకంటే లిడెల్‌ను అందరూ ఒక్క ఆదివారానికే కుదించేశారు. మొదటిది, అతని మీద వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో చూపించినట్టు ఓడ ఎక్కుతుండగా అతనికి తెలియలేదు. పోటీల పట్టిక నెలల ముందే తెలుసు. ముందే కాదని చెప్పి, ఆ నెలలన్నీ 400కు సాధన చేశాడు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది: నీ మనస్సాక్షి ఒప్పుకోనిది ఏదైనా ఉంటే ఎంట్రీ పంపే ముందే కోచ్‌కు, సమాఖ్యకు చెప్పు. లేన్ కేటాయించాక, రిలే జట్టు నీ మీద ఆధారపడ్డాక చెబితే అది సాక్ష్యం కాదు, తోటివాళ్లకు ద్రోహం అవుతుంది. రెండోది, అదే మనిషి శిబిరంలో ఆదివారాలు పిల్లలకు ఆటలు వద్దనే మొదట అన్నాడు. పిల్లలు వాళ్లంతట వాళ్లు హాకీ ఆడుకుని కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం అతనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. తన కీర్తి కోసం ఆదివారం పరుగెత్తనివాడు, దిక్కులేని పిల్లల కోసం ఆదివారం మైదానంలోకి దిగాడు. నియమం మారలేదు, దాని లోపల ఉన్న ప్రేమ బయటికి వచ్చింది.

ఇంకో ఆదివారం కథ చెప్పకపోతే నీకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ ఎడ్వర్డ్స్ ట్రిపుల్ జంపర్. 1991 ప్రపంచ పోటీలకు ఆదివారం కారణంగానే దూరంగా ఉన్నాడు. 1993లో తన నిర్ణయం మార్చుకున్నాడు. 1995లో గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకాడు, ఆ రికార్డు ఇన్నేళ్లయినా పోలేదు. 2000లో సిడ్నీలో బంగారు పతకం. టీవీలో క్రైస్తవ కార్యక్రమాలు కూడా నడిపాడు. 2003లో ఆట విరమించాడు, 2007లో తనకిక దేవుడి మీద నమ్మకం లేదని బయటికి చెప్పాడు. ఆట తన అస్తిత్వంలో ఎంత భాగమో విరమించాకే తెలిసిందని నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆయన్ను నిందించడానికి ఇది రాయడం లేదు. లోపల లేనిదాన్ని ఉన్నట్టు చెప్పని మనిషి, ఆ నిజాయితీకి గౌరవం ఇవ్వాలి. మన సంఘాలే ఆలోచించుకోవాలి. గెలిచినంత కాలం ఒకణ్ణి స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించడమే తప్ప, అతని సందేహాలు వినడానికి ఒక్కరైనా పక్కన కూర్చోకపోతే ఏమవుతుంది? నీకు అలాంటి ఒక్క మనిషి కావాలి. నీ టైమింగ్ ఎంతో తెలియని, తెలుసుకోవాలని కూడా అనుకోని ఒక పెద్ద విశ్వాసిని వెతుక్కో. వారానికోసారి ఆయనతో మాట్లాడు.

ఓటమి సంగతి. ఆటగాళ్లు బూట్ల మీద, చేతి పట్టీల మీద రాసుకునే వచనం ఫిలిప్పీయులకు 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." దానికి ముందు వచనం ఎవరూ రాసుకోరు. దీనస్థితిలో ఉండటం తెలుసు, సంపన్నస్థితిలో ఉండటం తెలుసు, కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం నేర్చుకున్నాను అంటాడు పౌలు, అదీ జైల్లో ఉండి. అంటే అది ఫైనల్ గెలిపించే వచనం కాదు. ఫైనల్‌కు చేరకపోయినా చెదిరిపోకుండా నిలబెట్టే వచనం. 2025 అక్టోబరు 30న మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్ చేసి జెమీమా రోడ్రిగ్స్ ఏడుస్తూ యేసుకు కృతజ్ఞతలు చెప్పినప్పుడు మన గ్రూపులన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. సంతోషమే. కానీ ఆమె అదే రోజు ఇంకో మాట చెప్పింది. ఆ టోర్నీలో తాను దాదాపు ప్రతిరోజూ ఏడ్చానని, ఆందోళనతో నలిగిపోయానని, మధ్యలో జట్టులో చోటు కూడా పోయిందని. నాకు సాక్ష్యంగా వినిపించింది ఆ సగం. ఆ సెంచరీ చూసి చప్పట్లు కొట్టే కుర్రాళ్లకన్నా, గదిలో తలుపేసుకుని ఏడ్చే కుర్రాళ్లు ఎక్కువమంది ఉన్నారు. దేవుడు నన్ను గెలిపించాడు అంటే వాళ్లు ఏమనుకుంటారు? ఓడినవాణ్ణి ఆయన వదిలేశాడా? పక్క లేన్లో కూడా ప్రార్థన చేసి వచ్చినవాడు ఉంటాడు కదా.

అందుకే పోటీకి ముందు నేను ఎవరితోనైనా ప్రార్థన చేస్తే గెలిపించమని అడగను. ఇరువైపులవాళ్లకూ దెబ్బలు తగలకుండా చూడమని, ఉన్న సత్తువంతా పెట్టి నిజాయితీగా ఆడే మనసివ్వమని, ఫలితం ఏదైనా ఒకరినొకరు వదలకుండా ఉండమని అడుగుతాను. మూడు నాలుగు వాక్యాలు, అంతే. అదీ కావాలని వచ్చినవాళ్లతోనే, డ్రెస్సింగ్ రూమ్‌లో కాదు, ఒక పక్కకు వెళ్లి.

ఈ చివరి మాట కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఆటల పరిచర్యలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. జట్టులో నమ్మకాలు వేర్వేరుగా ఉన్నవాళ్లుంటారు. నువ్వు తోటి రన్నర్‌వి కాబట్టి నీకు వాళ్ల మీద అధికారం లేదు, అదే నీ బలం. నువ్వు చెప్పేది విననక్కర్లేదని వాళ్లకు తెలుసు, అయినా విన్నారంటే మనసుతో విన్నట్టు. రేపు నువ్వు కెప్టెన్ అయినా, కోచ్ అయినా ఈ లెక్క మారిపోతుంది. కోచ్ తలవంచి ప్రార్థన చేద్దాం అంటే చోటు పోతుందేమోనని తలవంచేవాడు ఉంటాడు. అది ప్రార్థన కాదు, భయం. ఎంపికకూ విశ్వాసానికీ దారం అంత సంబంధం కూడా ఉండకూడదు. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. ఫుట్‌బాల్ క్యాంపు అని పిలిచి, వచ్చాక వాక్యం చెప్పే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. నేను దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. క్యాంపులో బైబిల్ పాఠం ఉంటుందని పిలుపు కాగితం మీదే రాయాలి, తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి, వద్దన్నవాడికి ఆట తగ్గకూడదు. పిల్లలతో పెద్దవాళ్లు ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. సత్యాన్ని ప్రకటించడానికి దాచిపెట్టే పని ఎందుకు?

పోటీల నిబంధనలు కూడా తెలుసుకుని ఉండు. ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన ప్రకారం ఒలింపిక్ వేదికల్లో మతపరమైన ప్రచారం కూడదు. 2007 చాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిచాక బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు కాకా 'నేను యేసుకు చెందినవాణ్ణి' అన్న టీషర్ట్ చూపించాడు. ఇప్పుడు ఫుట్‌బాల్ నిబంధనలు దుస్తుల మీద మతపరమైన నినాదాలు ఒప్పుకోవు. ఇది హింస అని గోల చేయడం నాకు నచ్చదు. నువ్వు ఎంట్రీ మీద సంతకం చేశావంటే ఆ నిబంధనలు ఒప్పుకున్నట్టే, మాట మీద నిలబడటం కూడా సాక్ష్యమే. మోకరించి మనసులో ప్రార్థన చేసుకోవడాన్ని, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడాన్ని ఎవరూ ఆపరు. ఒలింపిక్ గ్రామంలో వేర్వేరు మతాలవాళ్లకు ప్రార్థన స్థలం, చాప్లిన్లు ఉంటారు.

మరి రేపటి నుంచి ఏం చేయాలి? పెద్ద పనులేం వద్దు. గాయపడి జట్టుకు దూరమైనవాడి పేరు రాసుకో. గాయమైన మొదటి వారం అందరూ వస్తారు. మూడో వారానికి ఫోన్ కూడా రాదు. నువ్వు మూడో వారంలో వెళ్లు. ఫిజియో చెప్పిన వ్యాయామాలు అతనితో కలిసి చెయ్యి. ప్రసంగం వద్దు, అతను అడిగితే మాట్లాడు. ఎంపిక జాబితాలో పేరు లేనివాడితో ఆ రాత్రి భోజనం చెయ్యి. నీ ప్రత్యర్థి పర్సనల్ బెస్ట్ కొడితే అందరికన్నా ముందు వెళ్లి చేయి కలుపు. వయసు తప్పు చూపించడం, మందులు వాడటం, ఈ రెండింటి దగ్గర నీ చేతులు శుభ్రంగా ఉండాలి. అక్కడ మచ్చ పడితే ఇక నువ్వు ఏ వాక్యం చెప్పినా ఎవరూ వినరు. నీలాంటి విశ్వాసులు ఇంకో ఇద్దరు దొరికితే వారానికోసారి అరగంట కూర్చోండి, ఒక అధ్యాయం చదవండి, పేరుపేరునా తోటివాళ్ల కోసం ప్రార్థన చేయండి. ఇంకెవరైనా వస్తామంటే రానివ్వండి. అమెరికాలో 1954లో మొదలైన ఫెలోషిప్ ఆఫ్ క్రిస్టియన్ అథ్లెట్స్, 1966లో మొదలైన అథ్లెట్స్ ఇన్ యాక్షన్ ఇవాళ పెద్ద సంస్థలు, కానీ వాటి పని చివరికి ఇలాంటి చిన్న గుంపుల్లోనే జరుగుతుంది.

బైబిల్ కాలేజీ మాట కొట్టిపారేయడం లేదు. వాక్యజ్ఞానం లేని ఆటగాడు రెండు మూడు సాక్ష్యాల తర్వాత చెప్పింది చెబుతూ ఉంటాడు. కానీ పరుగుకు కాళ్లలో సత్తువ ఉండే ఏళ్లు కొన్నే, చదువుకు జీవితమంతా ఉంది. ఆఫ్‌సీజన్‌లో చిన్న కోర్సులు, దూరవిద్యలో వేదాంతం మొదలుపెట్టు. ఇంగ్లండ్ క్రికెటర్ డేవిడ్ షెపర్డ్ 1955లో అభిషేకం పొందాడు. 1956లో పాస్టరుగా ఉంటూనే మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా మీద టెస్టు ఆడి 113 కొట్టాడు. 1960లో జాతివివక్ష పాటించే దక్షిణాఫ్రికా జట్టుతో ఆడనని బహిరంగంగా చెప్పాడు. తర్వాత లివర్‌పూల్ బిషప్ అయ్యాడు. బ్యాటింగూ, అభిషేకమూ, అన్యాయాన్ని కాదనడమూ ఒకే మనిషిలో ఇమిడాయి. నీ పరుగు అయిపోయాక కోచ్‌గానో, చాప్లిన్‌గానో, సంఘ కాపరిగానో ప్రభువు ఎటు పంపితే అటు వెళ్దువు.

సంఘ పెద్దల్ని ఎదిరించి మాత్రం ఇది చేయొద్దు. వాళ్ల దగ్గరికి వెళ్లి, నన్ను ట్రాక్ మీదికి పంపండి, ప్రార్థనతో పంపండి అని అడుగు. మిషనరీని పంపేటప్పుడు సంఘం ఏం చేస్తుందో అదే చేయమను: మీద చేతులుంచి ప్రార్థన చేయడం, నెలకోసారి పిలిచి ఎలా ఉన్నావని అడగడం, ఆదివారం రాలేని వారాల్లో నీకోసం ఇంకో రోజు ఎవరింట్లోనైనా సహవాసం ఏర్పాటు చేయడం. వాళ్లు అభ్యంతరం చెబితే ఒక పెద్దాయన్ని ఒకరోజు ఉదయం ప్రాక్టీసుకు తీసుకెళ్లు. మీ పాస్టరుగారు ఒప్పుకుంటే ఆయనతో ఫోన్‌లో నేను మాట్లాడతాను, నాకు మెసేజ్ పెట్టు. ఎంట్రీలు పంపే గడువు ఎప్పుడో కూడా రాయి, ఆదివారం సంగతి కోచ్‌గారితో ఎలా మొదలుపెట్టాలో అప్పుడు వివరంగా చూద్దాం.